వేదిక మీదే ఉండాలా, మీడియా చదువులోకి మారాలా: ఏది మేలు?

ఏడేళ్లు నాటకాలు ఆడాక నేను క్రియేటివ్ మీడియా డిగ్రీలో చేరాను. అందుకేనేమో, నటనో నాట్యమో నేర్చుకున్న పిల్లలు నన్ను తరచూ ఒకే ప్రశ్న అడుగుతుంటారు: ఇప్పుడే మారిపోవాలా, కొన్నాళ్లు ఆగాలా? వాళ్ల ముందున్న దారులు మూడు. ప్రదర్శన కళలోనే పూర్తి డిగ్రీ చేయడం ఒకటి. వీడియో, సౌండ్, యానిమేషన్ లాంటివన్నీ కలిపి నేర్పే క్రియేటివ్ మీడియా డిగ్రీ రెండోది. ప్రదర్శనలు ఇస్తూనే ఎడిటింగ్ లాంటిదేదో షార్ట్ కోర్సుగా నేర్చుకోవడం మూడోది.

ముందు వయసు సంగతి చూడాలి. నాట్యానికి శరీరం ఇచ్చే గడువు తక్కువ. ఎడిటింగ్ ముప్పై ఏళ్లకు మొదలుపెట్టినా వస్తుంది. పద్దెనిమిదికి ఆపేసిన నాట్యాన్ని ముప్పైకి మళ్లీ అందుకోవడం చాలా కష్టం. కాబట్టి నాట్యం మీద ఆశ ఇంకా బలంగా ఉన్నవాళ్లకు మొదటి దారే మేలంటాను. అమెరికన్ దర్శకుడు బాబ్ ఫాసీ డాన్సర్‌గా మొదలై, కొరియోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకుని, తొలి సినిమాకు దర్శకత్వం వహించేసరికి నలభై దాటాయి. ఆ ఆలస్యం వల్ల ఆయనకు నష్టమేమీ జరగలేదు. నటులకు ఇంత తొందర ఉండదు, ఎందుకంటే ఏ వయసుకు తగ్గ పాత్రలు ఆ వయసుకు ఉంటాయి. వాళ్లు ముందు మీడియా చదివినా నటన ఎక్కడికీ పోదు.

వయసు కన్నా పెద్ద విషయం ఇంకొకటి ఉంది. వేదిక మీద కాలం నటుడి చేతిలో ఉంటుంది. ఒక మాట ముందు ఎంతసేపు ఆగాలో నేనే నిర్ణయిస్తాను, హాలంతా నాతోపాటు ఆగుతుంది. తెరమీద ఆ పట్టు ఎడిటర్‌కి పోతుంది. రష్యన్ దర్శకుడు కులెషోవ్ ఒక శతాబ్దం కిందటే దీన్ని ప్రయోగం చేసి చూపించాడు. నటుడు మొజ్జూఖిన్ ముఖం షాట్ ఒకటే తీసుకుని, ఒకచోట దాని పక్కన సూప్ గిన్నెను, ఇంకోచోట శవపేటికను అతికించాడు. చూసినవాళ్లకు ఒకచోట ఆకలి, ఇంకోచోట దుఃఖం కనిపించాయని చెబుతారు. ముఖం మాత్రం మారలేదు.

నటనను ప్రాణంగా చూసుకునే వాళ్లకు ఇది మింగుడుపడదు. నాకూ పడలేదు. మొదటి టర్మ్‌లో నేను నటించిన సీన్‌ని నేనే ఎడిట్ చేయాల్సి వచ్చింది. అందులో నా కంట నీళ్లు తిరిగిన టేక్ ఒకటుంది, నాకు చాలా ఇష్టం. కానీ నా మాటలు వింటూ మౌనంగా ఉన్న స్నేహితుడి ముఖం పెడితే సీన్ ఇంకా బాగుంది. రెండు రోజులు మథనపడి నా టేక్ తీసేశాను. తీసేశాక చాలా తేలికగా అనిపించింది. ఇలాంటి కోత బాధ మాత్రమే మిగిల్చితే వేదిక వదలొద్దు. బాధతోపాటు ఉత్సాహం కూడా పుడితే మీకు తగింది రెండో దారే. మిగతా లెక్కలన్నీ నా దృష్టిలో దీని తర్వాతే.

ప్రదర్శన నుంచి వచ్చినవాళ్లు క్లాసులోకి వట్టి చేతులతో రారు. తోటివాళ్లలో చాలామందికి కెమెరా తెలుస్తుంది గానీ నటులతో ఎలా మాట్లాడాలో తెలీదు. “ఇంకొంచెం బాధగా చెయ్” అనడం కన్నా “ఆమె వెళ్లిపోకుండా ఆపు” అంటే నటుడికి పని దొరుకుతుందని మనకు రిహార్సల్స్‌లోనే తెలుసు. సెకనుకు 24 ఫ్రేములు ఉంటే, రెండు మూడు ఫ్రేముల తేడాకే ఒక చూపు అర్థం మారుతుంది. తాళంలో పెరిగినవాళ్లు ఆ తేడాను త్వరగా పట్టుకుంటారు. మనం వెనకబడేది సౌండ్‌లో. చివరి వరుసదాకా గొంతు పంపడం అలవాటైనవాళ్లం కదా, మైకు ఎక్కడుంటే ఏముందిలే అనుకుంటాం. నా మొదటి షార్ట్ ఫిల్మ్‌కి కెమెరా మీది మైకునే నమ్ముకున్నాను. మాటల కన్నా గది ప్రతిధ్వనే ఎక్కువ వినిపించింది. మైకు నోటికి దగ్గరగా ఉండాలి, అంతే.

షార్ట్ కోర్సు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్‌కి ఉచిత వెర్షన్ ఉంది, యానిమేషన్ చేసే బ్లెండర్, సౌండ్ ఎడిట్ చేసే ఆడాసిటీ పూర్తిగా ఉచితం. ఏ బటన్ ఎక్కడుందో ఇంట్లో కూర్చునే నేర్చుకోవచ్చు. డిగ్రీలో దొరికేది మన కట్ చూసి మొహమాటం లేకుండా తప్పు చెప్పే మనుషులు, చెడగొట్టి మళ్లీ చేసుకునే తీరిక. ఇప్పటికే చేతినిండా ప్రదర్శనలు ఉన్నవాళ్లకు మాత్రం ఈ మూడో దారి సరిపోతుంది.

రెండో దారి ఎంచుకుంటే కోర్సు పేరు చూసి చేరకండి. ఒకే పేరుతో ఒకచోట వ్యాసాలు రాయిస్తారు, ఇంకోచోట స్టూడియోలో కూర్చోబెడతారు. సబ్జెక్టుల జాబితా అడగండి, చివరి ఏడాది విద్యార్థులు చేసిన పనులు చూడండి. పోర్ట్‌ఫోలియో అడిగినచోట ప్రేక్షకుల మధ్య నుంచి తీసిన స్టేజి వీడియో పంపితే మీరు ఎలా ఆడారో తెలుస్తుంది, ఎలా ఆలోచిస్తారో తెలీదు. కెమెరా ఉంటేనే సాధ్యమయ్యే రెండు నిమిషాల ముక్క ఒకటి చేయండి. దర్శకురాలు మాయా డెరెన్ 1945లో తీసిన ఓ చిన్న చిత్రంలో డాన్సర్ అడవిలో ఎత్తిన కాలు గదిలో దిగుతుంది. వేదిక మీద అది కుదరదు.

చేరేముందు ఒక పరీక్ష పెట్టుకోండి. మీకు బాగా వచ్చిన సీన్‌ని నలుగురి ముందు ఆడండి. తర్వాత అదే సీన్ వేరొకరితో చేయించి, పది షాట్లుగా తీసి, మీరే ఎడిట్ చేయండి. ఏ పనిలో టైమ్ తెలీలేదో గమనించండి. ఈమధ్య ఒకమ్మాయికి ఇదే చెప్పాను. ఆడిన సంగతి ఒక్క మాటలో ముగించింది. ఆరో షాట్‌లో తలుపు మూసుకునే చప్పుడు ముందు రావాలా, వెనక రావాలా అని మాత్రం గంటసేపు వాదించింది. అప్లికేషన్ నింపెయ్యమ్మా అన్నాను.