వియ్యాలవారికి మా గుట్టలు చూపించిన మూడు రోజులు

జడ్చర్ల దగ్గర హైవే దిగి నాగర్‌కర్నూల్ దారి పట్టిన కాసేపటికి, వెనక సీట్లో కూర్చున్న అత్తయ్యగారు అద్దం దించి, “ఈ రాళ్లు ఇలా ఒకదాని మీద ఒకటి ఎవరు పేర్చారు బాబూ?” అని అడిగారు.

నేను నవ్వేశాను. ఆవిడ మాత్రం నిజంగానే అడిగారు. మా చెల్లెల్ని భీమవరం ఇచ్చి రెండేళ్లయింది. దాని అత్తామామలు మా వైపు రావడం ఇదే మొదటిసారి. పుట్టి పెరిగిందంతా వరిచేలు, కాలువలు, చేపల చెరువుల మధ్య. వాళ్ల దగ్గర పచ్చడి నూరుకునే రాయి కూడా బయటి ఊరి నుంచి రావలసిందే.

తెలిసినంత చెప్పాను. ఇది గ్రానైటు, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. రాతిలో నిలువునా అడ్డంగా పగుళ్లు ఉంటాయి. నేల అడుగున ఉండగానే ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి మూలల్ని తినేస్తాయి. తర్వాత పైమట్టి కొట్టుకుపోతే గుండ్రటి బండలు ఉన్నచోటే మిగిలిపోతాయి. మామయ్యగారు కాసేపు ఆలోచించి, “అయితే ఎవరూ పేర్చలేదు, చుట్టూ ఉన్నదే పోయిందన్నమాట” అన్నారు. నేను అయిదు నిమిషాలు చెప్పింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆ ప్రశ్న విన్నప్పుడే ప్లాన్ మార్చుకోవలసింది. పాలమూరు అంటే కరువు, వలస అనే పేరు ఉండనే ఉంది. వియ్యాలవారి ముందు ఆ పేరు పోగొట్టాలని మూడు రోజులూ పచ్చదనమే చూపిద్దామనుకున్నాను. అడవి, జలపాతం, కొండ మీద గుడి. ఏడాది పొడుగునా పచ్చదనంలో మునిగి ఉండేవాళ్లకి అది కొత్తేమిటన్న ఆలోచనే రాలేదు.

మొదటి రోజు ఉమామహేశ్వరం. అచ్చంపేట దగ్గర రంగాపూర్ నుంచి కొండ ఎక్కాలి. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి నా మొదటి ఓటు దీనికే. పైదాకా బండి పోతుంది, చివర్లో కాస్త నడక అంతే. ముందుకు తోసుకొచ్చిన పెద్ద రాతి చరియ కింద గుడి, పక్కనే పాపనాశనం. చరియ నుంచి చుక్కచుక్కగా నీళ్లు కారుతుంటాయి. అత్తయ్యగారు దణ్ణం పెట్టుకుని, తర్వాత తల పైకెత్తి చరియ వైపే చాలాసేపు చూశారు. “ఇది పడదు కదా?” అని అమ్మని అడిగితే అమ్మ, “మా తాత నాటి నుంచి పడలే వదినగారూ” అంది.

రాత్రికి మన్ననూర్. అటవీ శాఖ వాళ్లు సఫారీతో కలిపి ఇచ్చే బస ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి. అప్పటికప్పుడు వెళ్లి అడిగితే దొరకడం కష్టం. కాటేజీలు చిన్నవే, శుభ్రంగా ఉన్నాయి. రాత్రి చప్పుడు లేకపోవడమే అక్కడి సౌకర్యం. ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి: శ్రీశైలం హైవే మీద అడవి గేట్లు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. ఆలస్యంగా బయలుదేరి గేటు దగ్గర బండ్లోనే తెల్లారేదాకా పడుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఫర్హాబాద్ సఫారీ గురించి నిజం చెప్పాలి. సొంత బండి లోపలికి పంపరు, శాఖ వాళ్ల జీపే ఎక్కాలి. అమ్రాబాద్ టైగర్ రిజర్వు విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అంత అడవిలో రెండు గంటలు తిరిగే మనకి పులి ఎదురుపడాలంటే పూర్వజన్మ సుకృతం ఉండాలి. మాకు దుప్పులు, కొండముచ్చులు, ఒక నెమలి కనిపించాయి. మామయ్యగారికి ఆవులింతలు వచ్చాయి. కానీ వ్యూ పాయింట్ దగ్గర జీపు దిగగానే మనిషి మారిపోయారు. అక్కడ పీఠభూమి ఒక్కసారిగా తెగిపోతుంది. కాళ్ల కింద అడవి, దాని కింద మైదానం, దూరంగా చెరువులు అద్దం ముక్కల్లా మెరుస్తున్నాయి. భీమవరంలో మేడ ఎక్కితేనే ఎత్తు కదా. ఆయన రెయిలింగ్ పట్టుకుని ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు.

మల్లెలతీర్థం జలపాతానికి తీసుకెళ్లడం మాత్రం నా తప్పే. వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరగాలి. కిందికి మూడు వందలకు పైగా మెట్లు. దిగేటప్పుడు తెలియదు. అత్తయ్యగారి మోకాళ్లకి తిరుగు ప్రయాణంలో ప్రతి ఇరవై మెట్లకీ ఒక విడిది. మేం వెళ్లింది శివరాత్రి అయిన వారానికి. ధార నూలుపోగులా ఉంది. వానలు పడ్డాక, దసరాలోపు వెళ్తే వేరే లోకం. ఎండాకాలం మొదట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లకండి, నాలాగా తిట్లు తింటారు. తిట్టింది అత్తయ్యగారు కాదు, మా అమ్మ.

మరుసటి రోజు కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిల. శని, ఆదివారాల్లో నది ఒడ్డున గదులు దొరకవు, మాకూ దొరకలేదు. దారిలో ఒక టౌన్‌లో ప్రైవేటు లాడ్జి తీసుకున్నాను. ఫోన్‌లో ఏసీ, వేడినీళ్లు, లిఫ్టు అన్నీ ఉన్నాయన్నారు. లిఫ్టు ఉంది, నడవదు. వేడినీళ్లు కావాలంటే కుర్రాడు బకెట్‌తో తెచ్చిస్తాడు, అదీ పొద్దున ఏడు తర్వాతే. మాకేమో ఆరింటికల్లా పడవ. అత్తయ్యగారు “ఫర్వాలేదు బాబూ” అన్న ప్రతిసారీ నాకు టెన్షన్ పెరిగింది. ఇప్పుడు వెళ్తే మూడు వారాల ముందే సోమశిలలోనే గది చూసుకుంటాను, లేదా ఇంటి నుంచే తెల్లవారుజామున బయలుదేరతాను.

ఆ ఒడ్డు చూశాక మాత్రం లాడ్జి సంగతి అందరం మరిచిపోయాం. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. చలికాలం దాటేసరికి కృష్ణమ్మ బాగా కిందికి దిగుతుంది. నీళ్లు దిగినంత మేరా మెట్లు మెట్లుగా చారలు. ఎర్రమట్టి గట్లని వానలు కోసిన గండ్లు, వాటి కింద అరచేయి దూరేంత పగుళ్లిచ్చిన ఒండ్రు, మధ్యలో పలకలు పలకలుగా లేచిన రాయి. రోడ్డు మీద చూసిన గుండ్రటి బండలకీ దీనికీ పోలికే లేదు. ఇది నల్లమల రాయి, ఒకప్పుడు నీళ్ల అడుగున పొరలుగా పేరుకుని గట్టిపడింది. గడ్డిపరక లేని నేల. నేనైతే దాటవేసి గుడికి తీసుకెళ్లేవాణ్ణి. అత్తయ్యగారే చెప్పులు చేత్తో పట్టుకుని ఆ పగుళ్ల మీద నడవడం మొదలుపెట్టారు.

అమ్మ కూడా దిగింది. అమ్మ పుట్టిన ఊరు ఈ ముంపులోనే పోయింది. 1980ల మొదట్లో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు తను చిన్నపిల్ల. నీళ్లు బాగా తగ్గిన ఏడాది ఊరి పునాదులు బయటపడతాయని అంటుంటుంది. ఆ రోజు బయటపడలేదు. అమ్మ నీళ్ల వైపు చెయ్యి చూపించి, “మా బాయి గక్కడ, చింతచెట్టు గక్కడ” అని చెప్తుంటే వియ్యపురాలు ఆ నీళ్లలోకే చూస్తూ, “కాలువ ఎటు వైపండీ?” అంటూ వివరాలు అడిగారు. నాకు ఇంతవరకూ తెలియని బావి అది.

పడవ గురించి. ధర ముందే మాట్లాడుకోండి, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకండి. 2007లో ఈ వైపు కృష్ణలోనే పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. జాకెట్ వద్దన్న మామయ్యగారికి ఆ సంగతి చెప్తే మారుమాట్లాడకుండా వేసుకున్నారు. అవతలి ఒడ్డు వైపు, ఆంధ్రలో, ఏడు నదులు కలిసే చోట సంగమేశ్వరం గుడి ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం మునిగే ఉంటుంది. మేం వెళ్లేసరికి శిఖరం మాత్రమే తేలింది. పడవవాడు ఇంజిన్ ఆపి శిఖరం చుట్టూ ఒక ప్రదక్షిణ చేయించాడు.

భోజనం ఒడ్డునే, చేపలు వేయించే చోట. చేపల చెరువులున్న మనిషికి చేప పెట్టడం అంటే కంసాలికి బంగారం అమ్మడమే. మామయ్యగారు మొప్పలు ఎత్తి చూసి, వేలితో నొక్కి చూసి, ఆఖరికి తలూపారు. తిన్నాక, “చెరువు చేపకి కాస్త మేత వాసన ఉంటుందండి, దీనికి లేదు” అన్నారు. కారం మాత్రం ఎక్కువైంది, రెండు సీసాల నీళ్లు తాగారు. అమ్మ కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు ఆదుకున్నాయి.

తిరుగు దారిలో మళ్లీ అవే గుట్టలు. ఈసారి అత్తయ్యగారు కారు ఆపమన్నారు. ఫొటోలకి అనుకున్నాను. రోడ్డు పక్కన రాళ్లు కొట్టేవాళ్లు రోళ్లు, విసుర్రాళ్లు పేర్చి పెట్టారు. ఆవిడ నాలుగు రోళ్లు తట్టి చూసి, అయిదోది చిన్నది తీసుకున్నారు. వద్దన్నా వినకుండా డిక్కీలో పెట్టించారు. సికింద్రాబాద్ స్టేషన్లో కూలీకి ఇచ్చింది రోలు ధర కంటే ఎక్కువైంది.