చైన్ సా పదునుకు ఆకురాయి మేలా, గ్రైండర్ మేలా?

చైన్ సాతో చెట్టు కోస్తున్నప్పుడు రాలే పొట్టును చూస్తే చైను సంగతి తెలిసిపోతుంది. పదునుంటే చెక్క పేళ్ళు పేళ్ళుగా ఎగిరిపడుతుంది. మొద్దుబారితే పిండిలా రాలుతుంది. అప్పుడు మనిషి మిషను మీద బలమంతా పెట్టి నొక్కడం మొదలుపెడతాడు. చేతులు అలిసిపోతాయి, పట్టు సడలుతుంది, బారు, అంటే చైను చుట్టూ తిరిగే పొడవాటి ఉక్కు పట్టీ, వేడెక్కుతుంది. ప్రమాదాలకు దారి అదే. సరుగుడు, జామాయిలు తోటల్లో కోత కోసేవాళ్ళు కొందరు నడుముకు గుండ్రటి ఆకురాయి కట్టుకునే తిరుగుతారు. మరికొందరు సాయంత్రం చైను ఊడదీసి షాపులో గ్రైండర్ మీద, అంటే తిరిగే రాయితో పదును పెట్టే మిషను మీద, పెట్టిస్తారు.

నా ఓటు ఆకురాయికే. మిషను విప్పక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, పెట్రోలు పోసుకోడానికి ఆగిన ప్రతిసారీ ఆకురాయిని ఒక్కో పంటి మీద రెండు మూడుసార్లు తోస్తే (అదే తోపు) చాలు. పన్ను అరిగేది కొంచెమే కాబట్టి చైను ఎక్కువ కాలం వస్తుంది. అయితే సైజు తప్పకూడదు. చైను సైజును దాని లింకుల మధ్య దూరాన్ని బట్టి అంగుళాల్లో చెబుతారు. చిన్న మిషన్లలో ఎక్కువగా కనిపించే 3/8 "లో-ప్రొఫైల్" (పొట్టి రకం) చైనుకు 4 మి.మీ., .325 చైనుకు 4.8 మి.మీ. ఆకురాయి కావాలి. లావుది పెడితే అంచు నిలువుగా మొండిగా తయారవుతుంది. సన్నది పెడితే పంటి కింద కొక్కెంలా తొలిచేస్తుంది. తోపు ఎప్పుడూ పంటి లోపలి నుంచి బయటికే ఉండాలి, వెనక్కి లాగేటప్పుడు ఆకురాయిని ఎత్తాలి. కోణం చాలా చైన్లకు 30 డిగ్రీలు, కొన్నింటికి 25. చైను వచ్చిన డబ్బా మీద చూసుకుంటే అనుమానముండదు.

ఆకురాయితో వచ్చే చిక్కు చేతివాటం. కుడిచేతి వాటం మనిషికి ఒక వైపు పళ్ళు బాగా కుదురుతాయి, రెండో వైపు పొడుగో పొట్టో అవుతాయి. అలాంటి చైను దుంగలో నిటారుగా దిగదు, ఒక పక్కకు ఒరుగుతుంది. రెండు వైపులా తోపుల లెక్క సమానంగా ఉంచడం, కోణం గీతలున్న గైడు బిగించుకోవడం దీనికి విరుగుడు.

గ్రైండర్ విలువ తెలిసేది మేకు తగిలినప్పుడే. రోడ్డు పక్క చింతచెట్టులో ఏనాడో కొట్టిన బోర్డు మేకులు బెరడు కింద దాక్కుంటాయి. ఒక్కటి తగిలితే పళ్ళ మూలలన్నీ చితికిపోతాయి. దాన్ని ఆకురాయితో రాస్తూ కూర్చుంటే పొద్దుగూకుతుంది. గ్రైండర్ మీదైతే బాగా పొట్టి పంటిని కొలతగా పెట్టి మిగతావన్నీ దానికి సమానం చేస్తారు. కానీ తొందరపడి రాయిని అదిమి పట్టారో, పన్ను నీలం తిరుగుతుంది. వేడికి ఉక్కు పాడైన ఆ పన్ను పదును నిలబెట్టుకోదు, ఒక్కోసారి ఆకురాయి కూడా దాని మీద జారిపోతుంది. తాకించి తీయడం, తాకించి తీయడం, అంతే. షాపులో ఇచ్చేటప్పుడు ఈ ఒక్కమాట చెప్పండి, వాళ్ళు కాస్త చిరాకుపడినా సరే. మీరే చేసుకుంటే కళ్ళద్దాలు తప్పనిసరి.

చేతిలో పట్టుకుని తిప్పే చిన్న మోటారు పరికరాలూ ఉన్నాయి. దానికి బిగించే రాయి అరిగేకొద్దీ సన్నబడుతుంది, సైజు మనకు తెలియకుండానే తప్పుతుంది. నేనైతే కొనను.

దేనితో చేసినా మరిచిపోకూడని పని ఒకటుంది. ప్రతి పంటికీ ముందు చిన్న బొడిపె ఉంటుంది, డెప్త్ గేజ్ అంటారు. పన్ను ఎంత లోతుగా కొరకాలో నిర్ణయించేది అదే. పన్ను అరుగుతూ కిందికి వస్తుంటే ఈ బొడిపె అలాగే ఉండిపోతుంది, దాంతో పదునున్నా కోత పడదు. బల్లపరుపు ఆకురాయితో దీన్నీ కొద్దిగా దించాలి. మామూలుగా పంటి అంచు కంటే 0.65 మి.మీ. కిందుంటే సరి. తొందరగా కోస్తుందని ఆశపడి ఇంకా దించితే చైను చెక్కను అమాంతం కరుస్తుంది, బారు మొన ముఖం మీదికి ఎగిరితన్నుతుంది. కంటి అంచనాతో చేయొద్దు. ఈ ఎత్తు కొలిచే రేకు గేజి దొరుకుతుంది, కొనుక్కోండి.

చైనును తాకేముందు ప్లగ్గు క్యాపు ఊడదీయాలి, బ్యాటరీ మిషనైతే బ్యాటరీ తీసేయాలి, చేతులకు గట్టి గ్లవుజులుండాలి. ఇంజను ఆగి ఉంది కదా అని ఉత్త చేత్తో చైను తిప్పి వేళ్ళు కోసుకున్నవాళ్ళున్నారు. పళ్ళ మీద అరుగుదల గుర్తు గీసి ఉంటే అక్కడిదాకానే దాని ఆయుష్షు. ఆ గీత దాటిన చైనుకు ఆకురాయీ వద్దు, గ్రైండరూ వద్దు, కొత్తది వేయండి.