మా బిల్లింగ్ డేటాకి మూడు ఎక్స్‌టర్నల్ డిస్కులు: ఆరేళ్ల వాడకం తర్వాత

మాది గుంటూరులో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. రోజుకు రెండు మూడు వందల బిల్లులు కొడతాం. బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు, షాపుల వాళ్ల బాకీలు అన్నీ ఒక్క డేటాబేస్‌లోనే ఉంటాయి. అది పోతే ఎవరి దగ్గర ఎంత రావాలో అడిగే ఆధారం కూడా ఉండదు. పైగా జీఎస్‌టీ చట్టం ప్రకారం లెక్కల్ని వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. అందుకే రోజూ డేటా బ్యాకప్ తీసి దాచుకోవడానికి 2019లో 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్కులు మూడు కొన్నాను. చిన్న వ్యాపారానికి ఈ పద్ధతి బాగా పనికొస్తుందని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. అయితే దాని వెనక రోజూ కాస్త పని ఉంటుంది.

మా సాఫ్ట్‌వేర్ నడిచేది మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ప్రోగ్రామ్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ మీద. ఉచితమే, కానీ అందులో ఏజెంట్ ఉండదు, అంటే ఫలానా టైముకి బ్యాకప్ తియ్యమని దానికే చెప్పి పెట్టలేం. బ్యాకప్‌ని కుదించే సౌకర్యమూ లేదు. సర్వర్ నడుస్తుండగా డేటాబేస్ ఫైళ్లను నేరుగా కాపీ చేద్దామంటే అవి లాక్‌లో ఉంటాయి. కాబట్టి విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఒక బ్యాచ్ ఫైల్ (కమాండ్లు వరుసగా నడిపే చిన్న ఫైలు) పెట్టాం. రాత్రి తొమ్మిదిన్నరకి, కౌంటర్ మూశాక నడుస్తుంది. అంతకుముందు పెన్‌డ్రైవ్ వాడేవాళ్లం. అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండేది. ఒక్కో ఫైలు 4 జీబీ దాటితే అందులో పట్టదు. డేటా పెరిగేసరికి కాపీ కావడం మానేసింది. కొత్త డిస్కులు మూడింటినీ పెద్ద ఫైళ్లు కూడా పట్టే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేశాక ఆ గొడవ లేదు.

రెండో ఏడాదిలో జరిగింది మాత్రం మర్చిపోలేను. ఎవరో వేరే పెన్‌డ్రైవ్ పెట్టి ఉండగా మా డిస్క్ తగిలించారు. దాంతో డిస్క్ ఎప్పుడూ వచ్చే ఇ డ్రైవ్‌గా కాకుండా ఎఫ్‌గా వచ్చింది, ఆ తర్వాత అలాగే ఉండిపోయింది. బ్యాచ్ ఫైల్ మాత్రం ఇ డ్రైవ్‌నే వెతుకుతోంది. షెడ్యూలర్ తెరిస్తే ప్రతి రాత్రీ పని విజయవంతంగా పూర్తయినట్టే చూపిస్తోంది. ఏదో పాత బిల్లు కోసం డిస్క్ తెరిస్తే చివరి ఫైలు పదకొండు రోజుల కిందటిది. ఒక్కసారిగా కాళ్లూ చేతులూ ఆడలేదు. తర్వాత తెలిసింది, బ్యాచ్ ఫైల్‌లో బ్యాకప్ కమాండ్ నడిపే ఎస్‌క్యూఎల్‌సీఎండీకి -బి స్విచ్ ఇవ్వకపోతే లోపల బ్యాకప్ ఫెయిలైనా బయటికి అంతా సవ్యంగా ఉన్నట్టే చెబుతుంది. ఆ ఒక్క అక్షరం లేక పదకొండు రోజులు దేవుడి మీద భారం వేసి వ్యాపారం చేశాం.

ఇప్పుడు మూడు డిస్కులకీ విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఒకే డ్రైవ్ అక్షరం ఖాయం చేశాం. బ్యాకప్ ముందు సర్వర్‌లోనే డి డ్రైవ్‌లో పడుతుంది, చెక్‌సమ్‌తో, అంటే డేటా చెడిందేమో పట్టిచ్చే సరిచూపు అంకెతో. తర్వాత జిప్ అయి డిస్క్‌కి కాపీ అవుతుంది. 6 జీబీ దాటిన ఫైలు జిప్ చేశాక 1 జీబీ లోపే ఉంటోంది. రీస్టోర్ వెరిఫైఓన్లీ అనే తనిఖీ కమాండ్ కూడా నడుపుతాం కానీ, అది ఫైలు చదవడానికి వీలుగా ఉందని మాత్రమే చెబుతుంది. అందుకే నెలకోసారి పాత ల్యాప్‌టాప్‌లో నిజంగా రీస్టోర్ చేసి, అంటే బ్యాకప్ నుంచి డేటాని తిరిగి ఎక్కించి, చివరి బిల్లు నంబరు, రెండు మూడు పార్టీల బాకీలు సరిపోయాయో లేదో చూస్తాం. దీనికి అరగంట పడుతుంది. నా లెక్కలో మొత్తం పద్ధతికి ప్రాణం ఈ అరగంటే.

2022 మార్చి ఆఖరి వారం, ఇయర్ ఎండింగ్ హడావుడిలో సర్వర్ హార్డ్ డిస్క్ పోయింది. పొద్దున పదకొండు గంటలు, కౌంటర్ నిండా జనం. మా ఆపరేటర్ కుర్రాడు “అన్నా, రాత్రి డిస్క్ మీ ఇంట్లోనే ఉంది కదా?” అని అడిగాడు. బండి మీద వెళ్లి తెచ్చాను. మూడింటికల్లా వేరే కంప్యూటర్‌లో బిల్లింగ్ మొదలైంది. ఆ పూట కొట్టిన అరవై చిల్లర బిల్లులు మాత్రం ప్రింట్ కాపీలు చూసి మళ్లీ ఎక్కించాం. రోజుకొక్క బ్యాకప్‌తో ఈ నష్టం తప్పదు. అందుకే ఆ తర్వాత మధ్యాహ్నం రెండింటికి కూడా ఒకటి పెట్టించాను.

డిస్కుల సంగతికొస్తే, మూడింటిలో ఒకటి నాలుగో ఏడాది టక్ టక్ మని చప్పుడు మొదలుపెట్టి వారంలో పోయింది, దాని బదులు ఇంకొకటి పెట్టాను. మిగతా రెండూ బాగున్నాయి. నాకు నచ్చనిది ఆ వెడల్పాటి మైక్రో-బి కేబుల్ పిన్ను. రోజూ పీకి పెడుతుంటే వదులైపోయి, కాపీ మధ్యలో డిస్క్ మాయమవుతుంది. ఇప్పటికి నాలుగు కేబుళ్లు మార్చాను.

డిస్క్‌ని సర్వర్‌కి తగిలించి వదిలెయ్యకండి. 2017 మేలో వానాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటి వైరస్ వస్తే తగిలించి ఉన్న డిస్క్‌లోని ఫైళ్లకూ తాళం వేసేస్తుంది. మా దగ్గర ఒక డిస్క్ షాపులో, ఒకటి ఇంట్లో, ఒకటి నా బ్యాగులో ఉంటాయి. బ్యాగులోది ఎక్కడైనా పడిపోతే పార్టీల లెక్కలు బయటపడతాయని అన్నింటికీ బిట్‌లాకర్ (పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేకుండా చేసే విండోస్ తాళం) పెట్టాం. పాస్‌వర్డ్ మర్చిపోతే తెరిచే రికవరీ కీ కాగితం మీద రాసి మా ఆవిడ దగ్గర ఉంచాను.

ఈ ఏడాది నాలుగో డిస్క్ కొన్నాను, సంవత్సరాంతపు కాపీ కోసం. ఏప్రిల్‌లో దాన్ని తీసుకెళ్లి తెనాలిలో మా అక్క వాళ్ల బీరువాలో పెట్టి వచ్చాను.