లాక్‌డౌన్‌తో మరణాలు తగ్గాయా? స్వీడన్, నార్వే, పెరూ, న్యూజిలాండ్

కోవిడ్ కాలంలో లాక్‌డౌన్ లేకుండానే స్వీడన్ గట్టెక్కిందని ఒక వాదం, ముసలివాళ్లను బలిపెట్టిందని ఇంకో వాదం. రెండింటికీ అంకెలు దొరుకుతాయి, లెక్క ఎక్కడ ఆపుతామన్నదాన్ని బట్టి.

2020 చివర ఆపితే స్వీడన్ ఓడినట్టే. పది లక్షల జనాభాకు కోవిడ్ మరణాలు అక్కడ దాదాపు 900, పక్కనున్న నార్వేలో వందలోపే. నార్వే మార్చి 12నే బడులు మూసి, ఏప్రిల్ నెలాఖరుకు చిన్న తరగతులు మళ్లీ తెరిచింది. స్వీడన్ పదహారేళ్లలోపు పిల్లల బడులు మూయనే లేదు. యాభై మందికి మించి గుమిగూడడాన్ని ఆపి, మిగతాది చాలావరకు జనం విచక్షణకు వదిలింది. వృద్ధాశ్రమాలకు సందర్శకులు రాకుండా దేశమంతటా నిషేధం పెట్టేసరికి ఏప్రిల్ 1 వచ్చింది. అప్పటికే వైరస్ లోపలుంది. తప్పంతా ఆశ్రమాలదే అనడం కుదరదు. బయట సమాజంలో వ్యాప్తి ఎక్కువగా ఉండడమే అన్నిటికన్నా పెద్ద కారణమని ప్రభుత్వం వేసిన కరోనా కమిషనే 2020 డిసెంబరులో చెప్పింది.

2022 చివరిదాకా లెక్కిస్తే బొమ్మ మారుతుంది. అదనపు మరణాల్లో స్వీడన్ యూరప్‌లోనే తక్కువ వరసలో ఉంది.

అదనపు మరణాలంటే మామూలు ఏడాదిలో పోయేవాళ్లకన్నా ఎక్కువ పోయినవాళ్లు. ఏది మామూలు ఏడాది అన్నదగ్గరే పేచీ. 2020లో స్వీడన్‌లో సుమారు 98,100 మంది చనిపోయారు. 2019తో (88,800) పోలిస్తే అదనం 9,300. 2015–19 సగటుతో (91,000) పోలిస్తే 7,100. 2019లో మరణాలు అసాధారణంగా తక్కువ కాబట్టి ఆ ఒక్క ఏడాదినే కొలబద్దగా పట్టుకుంటే లెక్క ఉబ్బుతుంది. ఎవరైనా అంకె చూపిస్తే ముందు అడగాల్సింది ఇదే.

ఇక పెరూ. 2020 మార్చి 16నే కఠినమైన లాక్‌డౌన్ పెట్టింది, వీధుల్లో సైన్యాన్ని దింపింది. అయినా ప్రపంచంలోనే అత్యధిక మరణాల రేటు దానిదే అయింది. 2021 మే 31న అధికారిక లెక్కను సవరిస్తే 69 వేలు కాస్తా లక్షా 80 వేలయింది. ఎందుకని? పనిచేసేవాళ్లలో సుమారు 70 శాతం ఉద్యోగ భద్రత లేని అసంఘటిత రంగంలో ఉన్నవాళ్లు, చాలామందికి ఏ రోజు సంపాదన ఆ రోజుకే. సగం ఇళ్లలో ఫ్రిజ్ లేదు, కాబట్టి మాటిమాటికీ సంతకు వెళ్లక తప్పదు. ప్రభుత్వమిచ్చిన డబ్బు కోసం బ్యాంకుల ముందు బారులు. ఆసుపత్రుల్లో ఆక్సిజన్ కరువు. మనదగ్గరా ఇలాంటిదే జరిగింది. వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే తొలి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది 2020 మే 1న, అంటే లాక్‌డౌన్ మొదలై ఐదు వారాలు దాటాక. అన్నాళ్లూ వలస కూలీలు రోడ్ల మీద నడిచారు. ఇంట్లో ఉండమనే ఆదేశం తిండి, అద్దె చూసుకోగలిగినవాళ్లకే పనిచేస్తుంది.

న్యూజిలాండ్ మార్చి 19నే విదేశీయులకు సరిహద్దు మూసింది, 25 రాత్రికి దేశాన్ని ఆపింది. అప్పటికి కేసులు వందల్లోనే. 2020లో అక్కడ కోవిడ్ మరణాలు దాదాపు పాతిక. 2022లో తలుపులు తెరిచాక వేలల్లోకి వెళ్లాయి, కానీ అప్పటికి పెద్దల్లో అత్యధికులకు టీకా పడింది. ఆపిన కాలం టీకా వచ్చేదాకా పనికొచ్చింది.

నా మటుకు నార్వే పద్ధతికే ఓటు. సముద్రం మధ్యనున్న దేశానికి కుదిరినట్టు న్యూజిలాండ్ దారి అందరికీ కుదరదు. కేసులు పదుల్లో, వందల్లో ఉండగానే మూసి, వృద్ధాశ్రమాల సిబ్బందికి మొదటి వారంలోనే మాస్కులూ పరీక్షలూ అందించి, పిల్లల బడులు అన్నిటికన్నా ముందు తెరవాలి. రోజుకూలీలకు డబ్బు లాక్‌డౌన్ మొదలయ్యే రోజే, క్యూలో నిలబడే పని లేకుండా చేరాలి. అది చేయలేని ప్రభుత్వం నెలల తరబడి తాళం వేయకూడదు.