అహ్మదాబాద్ పాతనగరం: చూడ్డానికి టికెట్ లేదు, ఆటోకి మాత్రం 800

అహ్మదాబాద్ ప్రధాన రైల్వే స్టేషన్ కాలూపూర్ బయట ఆటోవాళ్లు "పాతనగరం మొత్తం తిప్పుతాం, 800" అని వెంటపడతారు. ఎక్కితే దండగ. చూపించేది దర్వాజాలు, అవీ ట్రాఫిక్‌లోంచే. ఆ తర్వాత కమిషన్ వచ్చే చీరల కొట్టు ముందు అరగంట నిలబెడతారు. 1487లో గుజరాత్ సుల్తాన్ మహమూద్ బేగడా ఊరి చుట్టూ కట్టించిన కోటగోడ చుట్టుకొలత దాదాపు 10 కిలోమీటర్లని చెబుతారు. ఇప్పుడు అందులో చాలా భాగం లేదు, దర్వాజాలే రోడ్ల మధ్య ఒంటరిగా మిగిలాయి. అసలు సరుకు లోపలి పోళ్లలో, అంటే ఇరుకు సందుల చుట్టూ ఇళ్లు కిక్కిరిసిన పాత పేటల్లో ఉంది. ఆ సందుల్లోకి ఆటో దూరదు.

కాబట్టి నడవాల్సిందే. కార్పొరేషన్ వారి హెరిటేజ్ వాక్ పొద్దున్నే కాలూపూర్ స్వామినారాయణ్ మందిరం దగ్గర మొదలై జామా మసీదు దగ్గర ముగుస్తుంది. దీనికి డబ్బు పెట్టండి, గిట్టుబాటే. గైడు లేకపోతే ఎవరింటి గుమ్మమో అనుకుని దాటిపోయే సందే, పక్క పోల్‌లోకి దారి. పాత ఇల్లు ఒక్కటైనా లోపలికెళ్లి చూడండి. మన మండువా లోగిలిలా నడుమ చౌక్, దాని కింద టాంకా అనే నీళ్ల తొట్టి. డాబా మీద పడ్డ వాన గొట్టంలోంచి అందులోకి దిగుతుంది. తొలివాన మురికి కాబట్టి బయటికి వదిలేసి, ఆ తర్వాతి నీళ్లే పడతారు. వెలుతురు తగలదు గనక పాచి పట్టదు. గోడల్లో ఇటుకల మధ్య టేకు దూలాలు కనిపిస్తాయి. 2001 భూకంపానికి ఊళ్లో కొత్త కాంక్రీటు అపార్ట్‌మెంట్లు కూలితే ఈ ఇళ్లు చాలావరకు నిలిచాయి. కర్ర కాస్త ఊగి సర్దుకుంటుంది మరి.

చూడ్డానికి బాగున్నాయని ఇలాంటి ఇంట్లోనే బస చేయాలనుకుంటే, బుక్ చేసే ముందు ఏ అంతస్తు, బాత్రూమ్ గదిలోనే ఉందా, కారు ఎక్కడిదాకా వస్తుంది అని ఫోన్‌లో అడగండి. "హెరిటేజ్ హవేలీ" అని రూ.3,200 తీసుకున్న గది మూడో అంతస్తులో ఉంది, మెట్లు నిచ్చెనలా నిటారు, పట్టుకోవడానికి పైనుంచి వేలాడే తాడు. ఫొటోల్లో చెక్కిన స్తంభాలున్నాయి గానీ ఆ తాడు లేదు. సూట్‌కేసులు పోల్ మొదట్నుంచీ మోసుకోవాలి. మాతో వచ్చిన పెద్దవాళ్లు ఒకసారి పైకెక్కాక రాత్రి భోజనానికి కూడా కిందికి దిగలేమన్నారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఉంటే ఆశ్రమ్ రోడ్డులో లిఫ్టున్న హోటల్ నయం.

జామా మసీదుకు (1424) టికెట్ లేదు. లోపల 260 స్తంభాలు. మినార్ల పైభాగం 1819 భూకంపంలో పడిపోయింది. చెప్పులు విప్పాలి, మధ్యాహ్నం రాతి ముంగిలి కాళ్లు కాల్చేస్తుంది, అందుకని పదింటిలోపే వెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం అసలే వద్దు. పక్కనే సుల్తాన్ అహ్మద్ షా సమాధి, బాద్‌షా నో హజీరో; దాని లోపలి గదిలోకి ఆడవాళ్లను రానివ్వరు. తీన్ దర్వాజా గూట్లో వెలిగే దీపాన్ని ఒక ముస్లిం కుటుంబం తరతరాలుగా ఆరనివ్వకుండా చూస్తోందంటారు. ఊరు దాటిపోబోయిన లక్ష్మీదేవి ఇక్కడ ఆగిందని కథ.

సిదీ సయ్యద్ మసీదును (1573) మాత్రం సాయంత్రానికి ఉంచుకోండి. చెట్టు కొమ్మలల్లినట్టు రాతిలో చెక్కిన జాలీ (జల్లెడ కిటికీ) పడమటి గోడలో ఉంది, వాలే ఎండ దాని వెనకనుంచి పడితేనే అందం. పొద్దున చూసి "ఇంతేనా" అనేవాళ్లే ఎక్కువ.

మాణెక్ చౌక్‌కి రాత్రి తొమ్మిదిన్నర దాటాక వెళ్లండి. నగల కొట్ల షట్టర్లు దిగాక అదే చోట తిండి బళ్లు వెలుస్తాయి. ఘూఘరా శాండ్‌విచ్ తినొచ్చు. దోస జోలికి పోకండి, వెన్న, చీజ్ కింద దోస ఎక్కడుందో వెతుక్కోవాలి, ధరేమో 220.

మెట్రోలో కాలూపూర్ నుంచి పాతనగరంలోని ఘీకాంటా ఒక్క స్టేషనే, అయిదు రూపాయలు. విజయవాడ, వరంగల్ వాళ్లకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఉంది. కాలూపూర్ స్టేషన్‌ను తిరగకడుతున్నారు కాబట్టి, తిరుగు రైలు ఏ స్టేషన్ నుంచో టికెట్ మీద చూసుకున్నాకే బయల్దేరండి.