పాత అంబాసిడర్ బాగుచేయడం నేర్చుకోవాలంటే: సాయంత్రం క్లాసా, మేస్త్రీ షెడ్డా?

మామయ్య వదిలి వెళ్లిన 1974 నాటి అంబాసిడర్ మార్క్ 2 బరంపురంలో మా ఇంటి వెనక రేకుల కింద పదకొండేళ్లు నిద్రపోయింది. దాన్ని నా చేతులతోనే లేపాలని పట్టుబట్టాను. ఉద్యోగం పోగా మిగిలేది సాయంత్రాలే. వాటిని రెండు చోట్ల గడిపి చూశాను. ఒకటి, రిటైరైన ఐటీఐ మాస్టారు నడిపే క్లాసు. రెండోది, ఇచ్ఛాపురం వెళ్లే దారిలో ఒక మేస్త్రీ గారి షెడ్డు.

క్లాసులో అన్నీ ఒక వరసలో వస్తాయి. బల్ల మీద విప్పి పెట్టిన 1489 సీసీ ఇంజను, దాని చుట్టూ ఆరుగురం. ఇంజనుకు నిప్పురవ్వ అందించే కాంటాక్ట్ పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటర్లు ఉండాలని చెప్పి, ఫీలర్ గేజి (సందు కొలిచే పలచని రేకుల కట్ట) చేతికిచ్చి మాతోనే కొలిపించారు మాస్టారు. ఆ రేకు వదులుగా ఊగకూడదు, ఇరుక్కోకూడదు, కాస్త రాసుకుంటూ జారాలి. ఆ రాపిడి ఒకసారి వేళ్లకు తెలిస్తే ఇక మరచిపోము. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, అది పాత రబ్బరును పాడుచేస్తుంది కాబట్టి పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులోని డయాఫ్రమ్ పొర ముందే మార్చుకోమన్నదీ ఆయనే.

షెడ్డులో ఆ రోజు ఏ బండి వస్తే అదే పాఠం. మేస్త్రీ గారు సగం తెలుగు, సగం ఒడియా మాట్లాడతారు, తిట్లు మాత్రం పూర్తిగా తెలుగులోనే. మొదటి రెండు వారాలూ నాతో నట్లు కిరోసిన్‌లో కడిగించారు. అడిగితే చెప్పరు, చేస్తుంటే చూసుకోవాలి.

అయితే నా బండికి అసలు రోగం ఇంజనులో లేదు. గోపాలపూర్ సముద్రం ఎంతో దూరం కాదు, ఉప్పుగాలి రేకును తినేసింది. మేస్త్రీ గారు గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని తలుపు కిందుగా జరుపుతుంటే ఒకచోట అది పట్టు వదిలి నేల మీద పడింది. "ఇక్కడ రేకు లేదు బాబూ, అంతా లప్పమే" అన్నారు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే పిడికెడు ఎర్రపొడి రాలింది.

అంబాసిడర్‌కు విడిగా చాసిస్ ఫ్రేము ఉండదు. తలుపుల కింద పొడవునా సాగే పెట్టె లాంటి రేకు కూడా బరువు మోస్తుంది. దాన్ని తొందరపడి కోస్తే బాడీ కుంగి, తలుపు పడదు. అందుకే ఆయన ముందుగా తలుపు సందుకు అడ్డంగా ఇనుప పట్టీ వెల్డింగ్ చేసి, ఆ తర్వాతే కోశారు. క్లాసులో ఇది చూడలేదు. మాస్టారి తప్పేమీ లేదు, ఇంజనును విప్పి మళ్లీ బిగించి తర్వాతి బ్యాచికి ఇవ్వవచ్చు, కోసిన రేకును ఇవ్వలేరు కదా.

అలాగని మేస్త్రీ మాట వేదమేమీ కాదు. "ఈ ఇంజను తీసేసి డీజిల్‌ది వేద్దాం, మైలేజీ వస్తుంది" అన్నారొక రోజు. క్లాసులో విన్నది గుర్తుండబట్టి ఆగాను. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉండాలి. రుసుము 20,000 రూపాయలు, నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఆ బండిని రోజువారీగా తిప్పకూడదు, అద్దెకూ ఇవ్వకూడదు. పెళ్లిళ్లకు తిప్పి సంపాదిద్దామనుకునేవారు ఈ ముక్క ముందే వినాలి.

రేకు గట్టిగా ఉండి, ఇంజను మాత్రమే మొరాయిస్తుంటే క్లాసు చాలు. మన సముద్రతీరపు బండ్లకు మాత్రం నా ఓటు షెడ్డుకే, కాకపోతే రెండు నెలల క్లాసు తర్వాత. వెల్డింగ్ కళ్లద్దాలు సొంతంగా కొనుక్కుని వెళ్లండి, షెడ్డులో ఉండేది ఒక్క జతే.

మూడు తలుపులు ఇప్పుడు ఒక్క తోపుకే పడుతున్నాయి. వెనక ఎడమ తలుపు మాత్రం రెండోసారి వేస్తేనే పడుతుంది. మేస్త్రీ గారు ఊళ్లో లేని రోజున నేను ఒక్కడినే వెల్డింగ్ చేసిన వైపు అది.