14,500 గాస్ అని రాసిన సెపరేటర్ ప్లేటు కొనేముందు ఇది చదవండి

నీళ్లలో కలిపిన పొడిలోంచి సన్నటి ఇనుప రేణువులు తీయడానికి చిన్న మాగ్నెటిక్ సెపరేటర్ ప్లేటు ఒకటి తెప్పించుకున్నాను. ఎన్52 (బాగా బలమైన గ్రేడు) నియోడిమియం అయస్కాంతాలు, 14,500 గాస్ అని రాసి ఉంది. గాస్ అంటే అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం. మూడుసార్లు నడిపినా రేణువుల్లో చాలా భాగం నీళ్లతోపాటే పోయాయి. నా పొరపాటేమోనని నీటి వేగం తగ్గించి చూశాను. అయినా అంతే. ఇక విప్పేశాను.

14,500 అనేది ఆ పదార్థపు రెమనెన్స్, అంటే అయస్కాంతీకరించాక లోపల మిగిలే బలం. ప్లేటు మీద మనకు దొరికేది అది కాదు. అసలైన ఎన్52 ఘనాన్ని (క్యూబ్) విడిగా పెట్టి ధ్రువం మధ్యలో కొలిచినా సుమారు 6,300 గాసే వస్తుంది. నాకొచ్చిన 20 మి.మీ. ఘనాలు గాస్ మీటర్‌లో 5,100 చూపించాయి. అది అంతకంటే తక్కువ గ్రేడైన ఎన్35 బలం!

అంతకంటే నన్ను బాధపెట్టింది అయస్కాంతాల మీద కప్పిన రేకు. విడదీసిన అయస్కాంతం దగ్గరకు తేగానే ఠక్కున అతుక్కుంది. అయస్కాంతానికి అంటుకునే రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడారు. ఉత్తర, దక్షిణ ధ్రువాలు పక్కపక్కనే ఉన్నప్పుడు అలాంటి రేకు వేస్తే, క్షేత్రంలో పెద్ద భాగం రేకులోంచే పక్క ధ్రువానికి వెళ్లిపోతుంది. రేణువుల దాకా రాదు. ఇక్కడ అయస్కాంతానికి అంటుకోని 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి.

ఇంకో మాట. పాతిక కిలోలు ఎత్తుతుందన్న ప్రకటన చూసి మురిసిపోకండి. అది మందపాటి ఇనుప పలకకు తాకించి కొలిచిన లెక్క. రేణువును లాగే శక్తి క్షేత్రం ఎంతుందో, దూరంతో ఎంత వేగంగా మారుతుందో రెండిటి మీదా ఆధారపడుతుంది. 20 మి.మీ. ఘనాలను ధ్రువాలు మారుస్తూ పేరిస్తే, 10 మి.మీ. పైన క్షేత్రం సుమారు ఐదో వంతే మిగులుతుంది. చిన్న ఘనాలైతే ఇంకా త్వరగా పడిపోతుంది. కాబట్టి మీ నీటి పొర మందం ముందే చెప్పి, ఆ ఎత్తులో ఎంత గాస్ ఉంటుందో రాతపూర్వకంగా అడగండి. వేడి నీళ్లు వాడేవాళ్లు మామూలు ఎన్ గ్రేడ్‌కు 80 డిగ్రీలే హద్దు అని గుర్తుంచుకోండి.

అమ్మినవారిని అడిగితే "ఆ అంకె మెటీరియల్‌ది" అన్నారు. వాపసు అడిగితే, విప్పారు కాబట్టి వెనక్కి తీసుకోం అన్నారు. అందుకే ప్లేటు చేతికి రాగానే, ఒక్క స్క్రూ కూడా తీయకముందే, గాస్ మీటర్‌తో పైన పలుచోట్ల కొలిచి వీడియో తీసి పెట్టుకోండి. అయస్కాంతం పెట్టి చూసుకోవడానికి రేకు ముక్క ఒకటి విడిగా పంపమని ఆర్డర్ పెట్టేముందే అడగండి.